ధ్రువం మీది తోవ

మంటకు ఇంకొంచెం దగ్గరికి జరగండి నాయనా, చలి ముదిరింది. మీ చిన్నాయన కాలిఫోర్నియా నుంచి పండక్కి వస్తా ఉండాడు కదా, ఆ విమానం ఎంత దూరం పోతాది, ఎంతసేపు పోతాది అని అడిగితివి చిన్నోడా. ఫోను నొక్కితే అదే చెప్తాది, నాకూ తెలుసు. అయితే ఫోను చెప్పే ఆ లెక్క యాడ పుట్టిందో, ఎవురు నేర్పిరో కూడా తెలుసుకోవల్ల. ఆ కతలో మన కోలారు సీమ ఉండాది, మన బంగారు గనుల మట్టి చేత్తో పట్టి చూసిన మనిషి ఉండాడు. మీకు ఇస్కూల్లో ఎవురూ చెప్పి ఉండరు, అందుకే నేను చెప్తా ఉండా.

మా నాయన కాలంలో దూరం ఎంతని అడిగితే ఎవురూ మైళ్ళు చెప్పేవాళ్ళు కాదు. ‘పొద్దున్నే సంగటి తిని బయలుదేరితే ఎండ ఎక్కకముందే బంగారుపేట చేరతావు పో’ అనేవాళ్ళు. ఇంకా గట్టిగా అడిగితే క్రోసు, ఆమడ. నాలుగు క్రోసులు ఒక ఆమడ, సుమారు ఎనిమిది మైళ్ళు. మన బూదికోట నుంచి బంగారుపేట ఇంచుమించు ఆమడ దూరం. దూరాన్ని కాలంతో చెప్పడం తక్కువ తెలివి అని మీరు అనుకోవద్దు. నడిచేవాడికి కావలసింది అదే. విమానం ఎక్కేవాడూ అదే కదా అడిగేది, ఎన్ని గంటలని?

మైళ్ళ లెక్క గట్టిగా పట్టుకున్నది టిప్పు పడిపోయినంక. హైదరలీ పుట్టింది మన బూదికోటలో. ఆయన కొడుకు టిప్పు 1799లో శ్రీరంగపట్నంలో పోరాడతా చచ్చిపాయె. ఆ యుద్ధానికి వచ్చిన ఇంగ్లీషోళ్ళ 33వ పటాలంలో ఇద్దరు అధికారులు ఉండిరి. ఒకాయన విలియం లాంబ్టన్, ఇంకొకాయన జాన్ వారెన్. యుద్ధం అయిపోతానే ఇద్దరూ కత్తి పక్కన పెట్టి గొలుసు పట్టుకొనిరి.

లాంబ్టన్ 1800వ సంవత్సరం ఆఖర్న బెంగుళూరు పక్కన నూరడుగుల ఉక్కు గొలుసు పరిచి ఒక గీత కొలిచె. ఏడున్నర మైళ్ళకు కొంచెం తక్కువ. గొలుసుతో కొలవవలసింది ఆ ఒక్క గీతే. దాని రెండు కొనల నుంచీ దూరంగా ఉండే కొండను చూసి కోణం పడితే, ఆ కొండ ఎంత దూరమో గొలుసు వేయకుండానే తెలిసిపోతాది. ఆ కొండ మీదికి పోయి ఇంకో కొండ, అక్కడి నుంచి మరో కొండ. అట్ల త్రిభుజాల మీద త్రిభుజాలు అల్లుకుంటా పోయిరి. 1802 ఏప్రిల్‌లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఇంకో గీత కొలిచిరి. త్రిభుజాలు పట్టుకొని బెంగుళూరుకు వచ్చినంక, లెక్క సరిగ్గా ఉండాదా లేదా అని 1804లో బెంగుళూరు పక్కన మళ్ళీ గొలుసు పరిచి చూసిరి. మద్రాసు నుంచి త్రిభుజాల లెక్కతో వచ్చిన గీతకూ, నేల మీద కొలిచిన గీతకూ తేడా నాలుగంగుళాల లోపే! గనుల్లో సర్వేవాళ్ళ వెంట గొలుసు మోసినవాణ్ణి నేను. లోపల ఒక సొరంగం ఇటు నుంచీ అటు నుంచీ తవ్వుకుంటా వచ్చి మధ్యలో కలపడం ఎంత కష్టమో చూసినవాణ్ణి. ఆ నాలుగంగుళాల సంగతి విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తాది.

1804లో బెంగుళూరు పక్కన ఆ గీత కొలిచింది ఎవురనుకుంటివి? వారెనే. ఆయన ఫ్రెంచి మనిషి, ఇంగ్లీషు పటాలంలో చేరినాడు. అంతకుముందు 1802లో మైసూరు తూర్పు ఎల్ల గుర్తు పెట్టే పని మీద ఈ సీమకు వచ్చె. ఈ చుట్టుపక్కల మట్టిలో బంగారం దొరుకుతాదని జనం చెప్పుకునే మాట ఆయన చెవిన పడె. చూపించినవాళ్ళకు బహుమానం ఇస్తానని చాటించె. పల్లెలవాళ్ళు బండ్లతో మట్టి తోలుకొచ్చి ఆయన ముందరే కడిగి చూపించిరి, అడుగున బంగారు రవ్వలు మెరిసె. ఉరిగాం, మారికుప్పం పోయి గుంతలు కూడా చూసె. ఆయన రాసిపెట్టిన ఆ రిపోర్టు శానా ఏండ్లు పడుకొని ఉండి, లావెల్ అనే ఆయన కంట్లో పడింది. 1871లో ఆయన బెంగుళూరు నుంచి ఎద్దుల బండి కట్టుకొని వచ్చె, 1875లో తవ్వకానికి లైసెన్సు తెచ్చుకొనె, 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి చేరె. కేజీఎఫ్ అనే మన కోలారు బంగారు గనులు అట్ల పుట్టె. మనకు బంగారం చూపించిన మనిషీ, దూరం కొలిచిన మనిషీ ఒకడే.

అంతటితో అయిపోలేదు. వారెన్ 1805 నుంచి కొన్నేండ్లు మద్రాసు నక్షత్రశాల చూసుకొనె. ముసలితనంలో పుదుచ్చేరి చేరి, మన దక్షిణాది వాళ్ళు కాలాన్ని ఎట్ల లెక్క పెడతారో అడిగి నేర్చుకొని ‘కాల సంకలిత’ అని పెద్ద పుస్తకం రాసి 1825లో అచ్చు వేయించె. ఆడ ఒక తమిళ లెక్కలాయన నేల మీద గవ్వలు పేర్చుకుంటా, నోటికి వచ్చిన పట్టికలు చెప్పుకుంటా, కాగితం ముట్టకుండా చంద్రగ్రహణం ఎప్పుడు పడుతాదో లెక్క కట్టి చూపించినాడంట. గ్రహణం పట్టే గడియకు ఆయన లెక్క నాలుగు నిమిషాల తేడాతో సరిపోయింది. 

ఆ గవ్వల లెక్కలోనే మీ చిన్నాయన ప్రయాణం కూడా ఉండాది. చూడు పాపా. మన పంచాంగంలో ఒక దినానికి 60 గడియలు. ఒక గడియ 24 నిమిషాలు. గడియకు 60 విఘడియలు. భూమి ఒక సుత్తు తిరిగితే 360 డిగ్రీలు. అంటే గడియకు 6 డిగ్రీలు, డిగ్రీకి 10 విఘడియలు. ఎంత చక్కగా కుదిరిందో చూడు! ఆర్యభటుడు 1500 ఏండ్ల కిందటే చెప్పినాడు, లంకలో పొద్దు పుట్టేటప్పుడు సిద్ధపురంలో పొద్దు గూకుతా ఉంటాది, యవకోటిలో మిట్టమధ్యాన్నం, రోమకంలో నడిరాత్రి అని. పంచాంగం రాసేవాళ్ళు ఉజ్జయిని గీతను మొదలుగా పెట్టుకొని, ఊరూరికీ దేశాంతరం అని సవరణ చేస్తారు. ఉజ్జయినికి మనం రెండు డిగ్రీల పైచిలుకు తూర్పున ఉండాము. అంటే ఇరవై మూడు విఘడియలు. ఆడికంటే మనకు తొమ్మిది నిమిషాలు ముందరగానే మిట్టమధ్యాన్నం అవుతాది.

రైలు వచ్చినంక ఈ తేడా అందరికీ తెలిసొచ్చె. 1864లో జోలారుపేట నుంచి బెంగుళూరుకు రైలు పడింది, బంగారుపేట ఆ తోవ మీదిదే. ఊరికొక టైము పెట్టుకుంటే రైళ్ళు గుద్దుకుంటాయి. అందుకని రైల్వేలు మద్రాసు టైము పట్టుకొనె, వారెన్ పనిచేసిన ఆ నక్షత్రశాల టైమే అది. 1906 జనవరి 1 నుంచి దేశానికంతా ఒకే టైము వచ్చె, 82.5 డిగ్రీల గీత మీది టైము. మద్రాసు టైము దానికంటే తొమ్మిది నిమిషాలు వెనక. మన బూదికోట ఇంకా వెనక. గడియారం పన్నెండు కొట్టినంక ఏడాది పొడుగునా సగటున పదిహేడు నిమిషాలకు గానీ పొద్దు మన నెత్తి మీదికి రాదు. మీరు ఒక పుల్ల పాతి నీడ చూసుకోండి, తెలుస్తాది.

ఇప్పుడు దూరం. గోడ మీద పటంలో బెంగుళూరుకూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ స్కేలు పెట్టి గీత గీస్తే అది ధ్రువం పక్కకు పోకుండా అడ్డంగా సముద్రాలు దాటుకొని పోతాది. పటం చదును, భూమి గుండ్రం. చదును పటం పైకి పోయేకొద్దీ భూమిని సాగదీసి చూపిస్తాది, అందుకే ధ్రువం పక్కనుండే గ్రీన్‌లాండు అంత పెద్దగా కనిపిస్తాది. నిజం చూడాలంటే గుమ్మడికాయ తెచ్చుకో. తొడిమ ఉత్తర ధ్రువం అనుకో. ఒక పక్క నడిమికి కొంచెం పైన చుక్క పెట్టు, అది బెంగుళూరు. ఇంకో పక్కకు తిప్పి, దానికంటే ఇంకొంచెం పైన చుక్క పెట్టు, అది శాన్‌ఫ్రాన్సిస్కో. రెండు చుక్కలకూ దారం బిగించి పట్టు. దారం తనంతట తనే జారుకుంటా తొడిమ పక్కకు పోతాది. బిగువుగా నిలిచిన దారం యాడ పోతే అదే దగ్గరి తోవ. దీన్ని మహావృత్తం అంటారు.

దారం లేకుండా లెక్కతోనూ పట్టవచ్చు. బెంగుళూరు విమానాశ్రయం 13.2 డిగ్రీల ఉత్తరం, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 37.6 డిగ్రీల ఉత్తరం. బెంగుళూరు నుంచి ధ్రువానికి 76.8 డిగ్రీలు మిగిలె, ధ్రువం నుంచి ఆడికి 52.4 డిగ్రీలు. కూడితే 129.2. సరిగ్గా ధ్రువం మీదుగా పోతే ఇంత. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు, మైలుకు 1.852 కిలోమీటర్లు. అప్పుడు 14,357 కిలోమీటర్లు వస్తాది. అయితే ఆ ఊరు మనకు సరిగ్గా ఎదురు గీత మీద లేదు, ఇరవై డిగ్రీలు పక్కకు ఉండాది. కాబట్టి ధ్రువాన్ని తాకకుండా పక్కగా పోతే ఇంకా దగ్గర. గనుల సర్వే ఆఫీసులో నేను నేర్చుకున్న సైను, కొసైను లెక్క వేస్తే 125.8 డిగ్రీలు వచ్చె. అంటే 13,979 కిలోమీటర్లు. ఎయిరిండియా వాళ్ళు చెప్పింది 13,993. నేను చిన్న చిన్న దశాంశాలు వదిలేసినా. భూమి కూడా అచ్చంగా గుండ్రం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకొని ఉంటాది. ఇంత పెద్ద లెక్కలో తేడా పద్నాలుగు కిలోమీటర్లు, మన ఊరి నుంచి బంగారుపేటకు పోయేంత. కాగితం, పెన్సిలు ఉంటే మీరూ చేయవచ్చు. ఎనిమిదో క్లాసు పాపకు డిగ్రీల కూడిక వస్తాది కదా, ధ్రువం మీది తోవ వరకూ తనే లెక్క కట్టేస్తాది.

కాలం లెక్క దీనికంటే కష్టం. పెద్ద విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతాదనుకుంటే పదిహేనున్నర గంటలు వస్తాది. అంతటితో సరిపోదు. నేల మీద దొర్లుకుంటా పోయేది, పైకి ఎక్కేది, కిందికి దిగేది, తుఫాను ఉంటే సుత్తుకొని పోయేది, ఏ దేశమైనా మా ఆకాశంలోకి రావద్దంటే తప్పుకొని పోయేది, ఇవన్నీ కలపవల్ల. అన్నిటికంటే గాలి ముఖ్యం. పైన పది కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు ఒక గాలి ఏరు మాదిరి పారతా ఉంటాది, చలికాలంలో ఇంకా గట్టిగా. దానికి ఎదురు పోతే నష్టం, దాంతోపాటు పోతే లాభం. 2016 అక్టోబరులో ఎయిరిండియా వాళ్ళు ఏం చేసిరో వినండి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోయే విమానం అంతకుముందు అట్లాంటిక్ మీదుగా 13,900 కిలోమీటర్లు పోతా ఉండె. దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు పోనిచ్చిరి. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగె. ప్రయాణమేమో పద్నాలుగున్నర గంటల్లో అయిపోయె, మునుపటికంటే సుమారు రెండు గంటలు తక్కువ! దూరం తోవ ముందు చేరిందంటే నమ్ముతారా? మా పెద్దోళ్ళు దూరాన్ని మైళ్ళతో కాకుండా పొద్దుతో ఎందుకు చెప్పిరో నాకు అప్పుడు ఇంకా బాగా అర్థమాయె.

బెంగుళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మధ్యలో యాడా దిగని విమానం 2021 జనవరిలో మొదలాయె. మొదటిసారి ఆడి నుంచి ఈడికి వచ్చింది. నడిపింది నలుగురు ఆడబిడ్డలు. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివానీ మన్హాస్. పాపగారి అనే ఇంటిపేరు వినగానే మన తెలుగింటి బిడ్డే అయి ఉంటాదని మీ అవ్వ ఎంత మురిసిపోయిందో! బోయింగ్ 777లో, ఉత్తర ధ్రువం మీదుగా తీసుకొచ్చిరి.

ధ్రువం మీద పోవడం అంటే ఊరికే కాదు. ఆడ దిక్సూచి ముల్లు నమ్మకం లేకుండా తిరుగుతాది. చలికి రెక్కల్లోని నూనె చల్లబడుతా పోతాది. నూనె రకాన్ని బట్టి సున్నాకు కింద 40 డిగ్రీల దగ్గరో 47 దగ్గరో గడ్డ కట్టడానికి వస్తాది, అందుకని పైలట్లు దాని చలిని కనిపెట్టుకుంటానే ఉండవల్ల. ఒంట్లో బాగలేకనో ఇంజనుకు ఏదైనా అయ్యో దిగవల్లంటే విమానాశ్రయాలు తక్కువ, ఏది ఎంత దూరమో ముందే లెక్క కట్టి పెట్టుకోవల్ల. ఇంకొకటి, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు ఆ ఎత్తులో, ఆ ధ్రువం పక్కన ఎక్కువ.

ఆ కిరణాల పేరు నాకు కొత్త కాదు. వాటిని తప్పించుకోవడానికే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు మా చాంపియన్ రీఫ్ గనిలోకి దిగిరి. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళూ, జపాను ఒసాకా వాళ్ళూ, ఇంగ్లండు డర్హం వాళ్ళూ కలిసి 2.3 కిలోమీటర్ల లోతున యంత్రాలు పెట్టుకొని న్యూట్రినోల జాడ పట్టిరి. అంత మందం రాయి పైన ఉంటే గానీ ఆ కిరణాల గోల తగ్గదు. మా గని ఆఖరికి మూడు కిలోమీటర్ల పైన లోతుకు పోయింది. మీ చిన్నాయన పదికి పైగా కిలోమీటర్లు పైకి పోతాడు. నేను మూడు కిలోమీటర్ల కింద గొలుసు పట్టినా. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినప్పుడు ఈ సీమ పిల్లలకు ఇంక తోవ లేదని ఏడ్చినవాళ్ళను చూసినా. ఇప్పుడు బంగారుపేటలో తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి వచ్చే పిల్లలు ఎంతమందో. కొందరు ఇంకా దూరం పోయిరి. వాళ్ళు ఎక్కే విమానాశ్రయం దేవనహళ్ళి పక్కనే ఉండాది, 2008 మేలో తెరిచిరి. హైదరలీ పుట్టింది మన ఊళ్ళో, టిప్పు పుట్టింది దేవనహళ్ళిలో. మన ఊరి నుంచి కారులో రెండు, రెండున్నర గంటలు.

ఇంక ఆఖరి లెక్క, దీంట్లోనే అందరూ తప్పు పోతారు. ఆ మొదటి విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో 2021 జనవరి 9, శనివారం రాత్రి 8.30కు బయలుదేరి, బెంగుళూరులో 11వ తేదీ, సోమవారం తెల్లవారుజామున 3.45కు దిగవల్లని టైము పెట్టిరి. ఆదివారం యాడికి పాయె? వేళ్ళు మడిచి లెక్క పెట్టండి. మన టైము 82.5 డిగ్రీల గీతది, వాళ్ళది 120 డిగ్రీల పడమటి గీతది. కూడితే 202.5. గంటకు 15 డిగ్రీలు. పదమూడున్నర గంటలు వాళ్ళు మనకంటే వెనక. వాళ్ళకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకు ఆదివారం పొద్దున పది. ఆ పది నుంచి సోమవారం 3.45 వరకూ పదిహేడు ముక్కాలు గంటలు. ప్రయాణం అంతే. మిగిలిందంతా గడియారాల తేడా. ఇంకొకటి గుర్తు పెట్టుకోండి, ఎండాకాలంలో వాళ్ళు గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటారు. అప్పుడు తేడా పన్నెండున్నర గంటలే.

మన ఊళ్ళోనే ఒక ఇంటివాళ్ళు బిడ్డ శనివారం బయలుదేరినాడని విని, ఆదివారం తెల్లారకముందే దేవనహళ్ళికి పోయి, ఇరవై నాలుగు గంటలు ఆడే బెంచీ మీద కూర్చొనిరి. చదువుకున్నవాళ్ళే. రెండు ఊర్ల టైములు ఒకదాంట్లో నుంచి ఇంకొకటి తీసేసి ప్రయాణం ఇంతే అనుకొనిరి.

కాబట్టి పాపా, నువ్వు పెన్సిలు తెచ్చుకొని మీ చిన్నాయన టికెట్టు ముందర పెట్టుకో. ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. దిగే టైము పక్కన చిన్న అక్షరాలతో ఒకటనో రెండనో కూడిక గుర్తు ఉంటాది, అన్ని దినాలు తేదీ ముందుకు పోయినట్టు. మొదట ఎక్కే టైమును మన టైములోకి మార్చు, ఆమీద గంటలు లెక్క పెట్టు, ఆమీద తేదీ చూడు. నీ లెక్క, ఫోను లెక్క ఒకటే అయితేనే కారు మాట్లాడమని మీ నాయనకు చెప్పు.